పిల్లల సహాయ సంస్థలో కంపెనీ భాగస్వామ్యాల ఇంటర్న్‌షిప్: దరఖాస్తు నుంచి అప్పగింత దాకా ఎలా చేయాలి

"కంపెనీలకు ఫోన్లు చేసి డబ్బులు అడగాలా?" ఈ ఇంటర్న్‌షిప్ పేరు చెప్పగానే ఎక్కువమంది అడిగేది ఇదే. అక్కర్లేదు. అడిగే పని అనుభవం ఉన్నవాళ్లది. అడగబోయే ముందు వాళ్ల చేతిలో ఉండాల్సిన కాగితం మీది. ఏ కంపెనీని అడగాలి, ఎందుకు, ఎంత అడగొచ్చు, అసలు అడగకూడని కారణం ఏదైనా ఉందా? ఈ నాలుగింటికీ ఆధారాలతో జవాబు తయారుచేయడమే ఇంటర్న్ పనిలో ముప్పాతిక వంతు. మిగిలిన పావు వంతు మీటింగ్ నోట్సు, నివేదికలు, ఫైళ్లు సర్దడం.

రెండో ప్రశ్న: "పిల్లలతో పని ఉంటుందా?" దాదాపు ఉండదు. రోజంతా కంపెనీల వార్షిక నివేదికలు చదవడం, స్ప్రెడ్‌షీట్ నింపడం విసుగనిపించేవాళ్లు కార్యక్రమాల విభాగంలో ఇంటర్న్‌షిప్ వెతుక్కోవడమే మేలు.

మొదలుపెట్టే ముందు తెలిసి ఉండాల్సింది

కంపెనీ అంటే చెక్కు రాసే దాత మాత్రమే అనుకుంటే పని సగమే అర్థమైనట్టు. సాయం అయిదు దారుల్లో వస్తుంది:

- కంపెనీ గానీ, దాని ఫౌండేషన్ గానీ నేరుగా ఇచ్చే డబ్బు.
- వినియోగదారుల నుంచి వచ్చేది. విమాన ప్రయాణికుల దగ్గర మిగిలిపోయిన విదేశీ చిల్లరను పోగుచేసే యూనిసెఫ్ 'చేంజ్ ఫర్ గుడ్' కార్యక్రమం 1987 నుంచి నడుస్తోంది. వస్తువు అమ్మిన ప్రతిసారీ కొంత ఇచ్చే పథకాలూ ఈ కోవలోవే.
- ఉద్యోగుల జీతాల నుంచి నెలనెలా వచ్చేది, దానికి జతగా కంపెనీ కలిపేది.
- వస్తువులు, సేవలు: రవాణా, సాఫ్ట్‌వేర్, నిపుణుల సమయం.
- కంపెనీ తన సొంత నడవడిక మార్చుకోవడం. పనిచేసే తల్లులకు సెలవులు, సరఫరాదారుల దగ్గర బాల కార్మికులు లేకుండా చూసుకోవడం, పిల్లలకు చూపించే ప్రకటనల్లో హద్దులు పాటించడం వంటివి. దీనికి పునాది పత్రం 2012లో యూనిసెఫ్, సేవ్ ది చిల్డ్రన్, ఐక్యరాజ్యసమితి గ్లోబల్ కాంపాక్ట్ (బాధ్యతగా వ్యాపారం చేస్తామని కంపెనీలు చేరే వేదిక) కలిసి వెలువరించిన బాలల హక్కులు, వ్యాపార సూత్రాలు. మొత్తం 10. ఇంటర్వ్యూకు ముందు ఈ పదీ చదవండి, గంట పని.

ఇంకొక్క తేడా తెలియాలి. 'ఫలానా కార్యక్రమానికే వాడాలి' అనే షరతుతో వచ్చే డబ్బు వేరు, సంస్థ తనకు అవసరమైన చోట వాడుకోగలిగే డబ్బు వేరు. రెండోదే సంస్థకు ఎక్కువ విలువైనది, సంపాదించడం కష్టమైనది కూడా అదే. మీ కాగితాల్లో ఈ రెండింటినీ ఎక్కడా కలిపేయకండి.

కావాల్సినవి

- స్ప్రెడ్‌షీట్‌లో వడపోత, వరస మార్చడం, ఒక పట్టిక నుంచి ఇంకో పట్టికకు విలువలు తెచ్చుకోవడం, పునరావృతాలు తీసేయడం. ఇంతకు మించి అక్కర్లేదు, ఇంతకు తక్కువైతే రోజులు వృథా.
- కంపెనీ వార్షిక నివేదికలో లాభనష్టాల పేజీ, అనుబంధ కంపెనీల జాబితా, విరాళాల పేజీ వెతికి పట్టుకోగలగడం.
- ఒక పేజీలో విషయం ముగించగల రాత.
- సంస్థ పని భాషలో పట్టు. కంపెనీ ఉన్న చోటి భాష కూడా వస్తే అది పెద్ద ఆస్తి. కంపెనీ మీద చెడు వార్త ముందు స్థానిక భాషలోనే వస్తుంది.

1. ప్రకటనను చదవండి, ఏ రకం పనో తేల్చుకోండి

ఒకే పేరుతో మూడు వేర్వేరు పనులు ఉంటాయి. 'పరిశోధన', 'అవకాశాల గుర్తింపు' అన్న మాటలు కనిపిస్తే కొత్త కంపెనీలను వెతికే పని. 'భాగస్వాముల నిర్వహణ', 'నివేదికలు' అంటే ఇప్పటికే ఉన్న కంపెనీలతో వ్యవహారం. 'ప్రచారం', 'డిజిటల్' అంటే మామూలు జనం దగ్గర నిధుల సేకరణ. మూడింటికీ ఒకే కవర్ లెటర్ పంపేవాళ్లు మొదటి వడపోతలోనే పోతారు.

అర్హతలు సంస్థను బట్టి మారతాయి. యూనిసెఫ్‌లో ఇంటర్న్‌కు కనీసం 18 ఏళ్లు ఉండాలి. చదువుతూ ఉండాలి, లేదా చదువు ముగిసి రెండేళ్లు దాటకూడదు. ఇంటర్న్‌షిప్ 6 నుంచి 26 వారాల మధ్య ఉంటుంది. మీరు పట్టుకున్న ప్రకటనలో దీనికి భిన్నంగా ఉంటే ప్రకటనలోదే చెల్లుతుంది.

హెచ్చరిక: దరఖాస్తుకనో, శిక్షణకనో, వీసా పత్రాలకనో ఎవరైనా డబ్బు అడిగితే అది మోసం. యూనిసెఫ్ నియామకంలో ఏ దశలోనూ రుసుము తీసుకోదు. ప్రకటన సంస్థ సొంత వెబ్‌సైటులో కనిపిస్తేనే నమ్మండి.

2. దరఖాస్తు, రాత పరీక్ష

'నాకు చిన్నప్పటి నుంచి పిల్లలంటే ప్రాణం' అని మొదలయ్యే ఉత్తరాలు వందల్లో వస్తాయి. దాని బదులు మొదటి పేరాలో ఈ సంస్థకు ఇప్పటికే ఉన్న ఒక కంపెనీ భాగస్వామ్యం గురించి, అందులో మీకు నచ్చిన ఒక నిర్దిష్టమైన అంశం గురించి రాయండి. రెండో పేరాలో మీరు చేసిన ఒక పరిశోధన చాలు. ఎన్ని వరసల పట్టిక, ఎన్ని ఆధారాలు, దాన్ని ఎవరు వాడుకున్నారు. మూడో పేరాలో ఎప్పటి నుంచి, ఎన్ని వారాలు రాగలరో చెప్పి ముగించండి.

చాలా చోట్ల గడియారం పెట్టి రాత పరీక్ష ఇస్తారు. ఒక కంపెనీ పేరిచ్చి, దాన్ని సంప్రదించాలా వద్దా ఒక పేజీలో తేల్చమంటారు. ఇంట్లో 90 నిమిషాల సాధన చేయండి: 40 నిమిషాలు వెతకడం, 35 రాయడం, 15 సరిచూడటం. చివరి 15 నిమిషాలను వెతకడంలో తినేయడమే అందరూ చేసే తప్పు. సంస్థ పేరే తప్పుగా రాసిన జవాబులు అలాగే పుడతాయి.

3. మొదటి వారం: ఈ పత్రాలు అడిగి తీసుకోండి

ఎవరో ఇస్తారని ఎదురుచూడకండి, పేరు పెట్టి అడగండి: కంపెనీల ఎంపిక నియమాలు, ఇప్పటి భాగస్వాముల జాబితా, లోగో వాడకం నియమాలు, పిల్లల రక్షణ విధానం, వ్యక్తిగత సమాచార గోప్యత నియమాలు. ఇవి చదవకుండా పని మొదలుపెడితే రెండో నెలలో మొదటి నెల పనంతా మళ్లీ చేయాల్సి వస్తుంది.

మీకు అప్పగించే ప్రతి పనికీ మూడు ప్రశ్నలు వేయండి. ఈ కాగితం ఎవరు చదువుతారు? చదివి ఏ నిర్ణయం తీసుకుంటారు? ఎప్పటికి కావాలి? రెండో ప్రశ్నకు జవాబు లేదంటే ఆ పని ఎవరికీ అక్కర్లేదన్నమాట. మర్యాదగా ఇంకోసారి అడిగి చూడండి, చాలాసార్లు పని రూపమే మారిపోతుంది.

4. కంపెనీల జాబితా తయారుచేయడం

పేర్లతో మొదలుపెట్టకండి. పేర్లతో మొదలుపెడితే అందరికీ తెలిసిన పెద్ద బ్రాండ్లే వస్తాయి. వాటిని ఇప్పటికే ప్రతి సంస్థా అడుగుతూ ఉంటుంది. ముందు కొలతలు రాసుకోండి: ఏ రంగం, కనీసం ఎంత లాభం, ఎక్కడ వ్యాపారం, పిల్లలతో ఏ సంబంధం. ఆ కొలతలకు సరిపోయేవాటిని రంగాల సంఘాల సభ్యుల జాబితాల్లోనూ, స్టాక్ ఎక్స్ఛేంజ్ జాబితాల్లోనూ, ఇలాంటి సంస్థల వార్షిక నివేదికల చివర ఉండే దాతల పేజీల్లోనూ వెతకండి. రెండు వందలతో మొదలై, నలభైకి తగ్గి, చివరికి పది నిలబడితే మంచి జాబితా.

ఉండాల్సిన నిలువు వరసలు:

- చట్టబద్ధమైన పూర్తి పేరు, రిజిస్ట్రేషన్ సంఖ్య
- మాతృ కంపెనీ, దాని పైన ఇంకెవరైనా ఉంటే వాళ్లు
- చివరి ఆర్థిక సంవత్సరం ఆదాయం, లాభం (ఏ కరెన్సీ, ఏ సంవత్సరం)
- ఇదివరకు దేనికి ఎంత ఇచ్చింది
- మన సంస్థతో పాత పరిచయం
- అభ్యంతరాలు
- ఆధారం ఎక్కడిది, ఏ తేదీన చూశారు
- తర్వాతి అడుగు, ఎవరి బాధ్యత

ఆధారం, తేదీ వరసలు ఖాళీగా ఉన్న జాబితా ఎంత అందంగా ఉన్నా పనికిరాదు. ఆరు నెలల తర్వాత మీ కుర్చీలో కూర్చునే మనిషి ఆ అంకె ఎక్కడిదో తెలియక మొత్తం మళ్లీ వెతుక్కుంటుంది.

అంకెల దగ్గర జరిగే తప్పులు దాదాపు ఎప్పుడూ ఇవే. పట్టిక పైన చిన్న అక్షరాల్లో 'వేలల్లో' లేదా 'మిలియన్లలో' అని ఉంటుంది, అది చూడకపోతే అంకె వెయ్యి రెట్లు తప్పుతుంది. మొత్తం గ్రూపు లెక్క, ఒక్క కంపెనీ లెక్క వేర్వేరు పేజీల్లో ఉంటాయి. మీకు ఏది కావాలో తేల్చుకున్నాకే రాయండి. ఆదాయం చూసి మురిసిపోకండి, నష్టాల్లో ఉన్న పెద్ద కంపెనీ కంటే లాభాల్లో ఉన్న మధ్యస్థ కంపెనీ నయం. 'అయిదేళ్లలో ఇంత ఇస్తాం' అన్న ప్రకటనను 'ఈ ఏడాది ఇంత ఇచ్చింది' అని రాసేస్తే ఇంకో ముప్పు. వస్తువుల రూపంలో ఇచ్చినదానికి కంపెనీలు తరచు అంగడి ధర కడతాయి, దాన్ని నగదు వరసలో కలపకూడదు.

స్ప్రెడ్‌షీట్ కూడా మోసం చేస్తుంది. రిజిస్ట్రేషన్ సంఖ్య ముందున్న సున్నాలు మాయమవుతాయి, అందుకే ఆ వరసను ముందే టెక్స్ట్‌గా మార్చండి. తేదీలో రోజు, నెల తారుమారవుతాయి, నెలను అక్షరాల్లో రాస్తే ఆ గొడవ ఉండదు. ఒక్క నిలువు వరసను మాత్రమే ఎంచుకుని సార్ట్ చేస్తే ఒక కంపెనీ పేరు పక్కకు ఇంకో కంపెనీ లాభం వచ్చి కూర్చుంటుంది. ఇది బయటికి కనిపించదు, జాబితా బాగానే ఉన్నట్టుంటుంది. సార్ట్ చేసే ముందు ఒక ప్రతి దాచుకుని, చేశాక అయిదు అడ్డు వరసలను దాంతో పోల్చి చూడండి.

మార్కులు వేయమంటే ఇవ్వగల శక్తి, ఇచ్చే అలవాటు, మనకున్న పరిచయం, ఈ మూడింటికీ 1 నుంచి 5 దాకా వేయండి. అభ్యంతరాలకు మాత్రం మార్కులు వద్దు. అది గేటు: ఉంటే లోపలికి రాదు, అంతే. అభ్యంతరాన్ని కూడా ఒక అంకె చేసి కూడికలో వేస్తే, బాగా డబ్బున్న కంపెనీ తన తప్పును మార్కులతో కప్పేసుకుంటుంది.

5. వడపోత: అడగకూడనివాళ్లను కనిపెట్టడం

ఇల్లు అలకగానే పండగ కాదు. జాబితా తయారయ్యాక అసలు పని మొదలవుతుంది. ఇంటర్న్ చేసే పనుల్లో సంస్థకు ఎక్కువ మేలు చేసేది ఇదే. ఒక తప్పుడు భాగస్వామ్యం వల్ల పోయే పరువు ముందు నాలుగు మంచి విరాళాలు దిగదుడుపే. 'ఈ కంపెనీ వద్దు' అని ఆధారంతో రాసిన అర పేజీని వృథా అయిన శ్రమగా లెక్కేయకండి.

ముందు యజమాని ఎవరో తేల్చండి. బ్రాండ్ పేరు ఒకరిది, తయారీ ఇంకొకరిది, దుకాణం ఫ్రాంచైజీ తీసుకున్న మూడోవారిది కావచ్చు. ఒకే ఇంటిపేరు మీద నడిచే రెండు గ్రూపులకు ఏ సంబంధమూ లేకపోవచ్చు. పేరు కాకుండా రిజిస్ట్రేషన్ సంఖ్యతో సరిపోల్చండి. పేర్లు కలిసినంత మాత్రాన వేరే కంపెనీ పాపం దీని నెత్తిన రుద్దడం, ఇంకో కంపెనీ పేరు మార్చుకున్నంత మాత్రాన దాని పాత పాపం మరిచిపోవడం, రెండూ తప్పే.

తర్వాత రంగం. పిల్లల సంస్థల నిషేధ జాబితాల్లో పొగాకు, ఆయుధాలు సాధారణంగా ముందుంటాయి. మద్యం, జూదం విషయంలో ఒక్కో సంస్థది ఒక్కో గీత, మీ సంస్థ గీత ఎక్కడుందో నియమావళిలో చూడండి. శిశువుల పాలపొడి సంగతి ప్రత్యేకం. తల్లిపాల ప్రత్యామ్నాయాల మార్కెటింగ్‌పై ప్రపంచ ఆరోగ్య సభ 1981లో అంతర్జాతీయ నియమావళిని ఆమోదించింది. జనానికి ప్రకటనలు ఇవ్వడం, తల్లులకు ఉచిత నమూనాలు పంచడం, ఆసుపత్రుల్లో ప్రచారం చేయడం దాని ప్రకారం కూడదు. పెద్ద ఆహార గ్రూపు బిస్కెట్లు అమ్ముతున్నట్టే కనిపిస్తుంది, దాని కిందే ఎక్కడో పాలపొడి కంపెనీ ఉంటుంది. అందుకే అనుబంధ కంపెనీల జాబితా చివరి పేరు దాకా చదవాలి.

బాల కార్మికుల విషయంలో కంపెనీ తన సరఫరాదారుల నియమావళిలో ఏం రాసుకుందో చూడండి. అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒడంబడికలు రెండు ఇక్కడ ముఖ్యం: కనీస వయసు గురించిన 138 (1973), అత్యంత హానికర పనుల గురించిన 182 (1999). రెండోదాన్ని 2020 నాటికి ఆ సంస్థ సభ్య దేశాలన్నీ ఆమోదించాయి. నియమావళిలో ఈ రెండింటి ప్రస్తావన ఉంటే మంచిదే, కానీ అక్కడితో ఆగకండి. తనిఖీలు నేరుగా సరుకు అమ్మే మొదటి వరస సరఫరాదారుల దగ్గరే జరుగుతున్నాయా, పొలాలు, గనులు, ఇళ్లలో చేసే కుట్టుపని దాకా వెళ్తున్నాయా? తనిఖీలో బాల కార్మికుడు దొరికితే ఏం చేస్తారో రాశారా? 'వెంటనే పనిలోంచి తీసేస్తాం' అని మాత్రమే ఉంటే ఆ పిల్లవాడి గతేమిటో వాళ్లు ఆలోచించలేదన్నమాట. రంగురంగుల సుస్థిరత నివేదికల్లో ఈ ప్రశ్నలకు జవాబు దొరక్కపోతే పేరు గొప్ప, ఊరు దిబ్బ అనుకోవాలి.

ఇక వెతుకులాట. కంపెనీ పేరు, పాత పేర్లు, మాతృ కంపెనీ, పెద్ద అనుబంధ కంపెనీలు, ముఖ్య అధికారుల పేర్లు, వీటిలో ప్రతిదానికీ జతగా 'బాల కార్మికులు', 'జరిమానా', 'లంచం', 'కాలుష్యం', 'సమ్మె', 'లైంగిక వేధింపు', 'వెనక్కి పిలిచిన ఉత్పత్తి' అన్న మాటలు ఒక్కొక్కటిగా వేసి వెతకండి. స్థానిక భాషలోనూ అదే చేయండి. ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి ఆంక్షల జాబితా, ప్రపంచ బ్యాంకు నిషేధించిన సంస్థల జాబితా, రెండూ ఎవరైనా చూడగలిగేవే. ఎన్నేళ్ల వెనక్కి వెళ్లాలో మీ నియమావళి చెబుతుంది. చెప్పకపోతే అయిదేళ్లు తీసుకుని, ఆ సంగతి కాగితం మీద రాయండి.

దొరికినదాన్ని రాసేటప్పుడు నాలుగు మాటలను కలగాపులగం చేయకండి: ఆరోపణ, కేసు, తీర్పు, రాజీ. 'లంచం ఇచ్చింది' అని రాయాలంటే తీర్పు ఉండాలి. లేకపోతే 'లంచం ఇచ్చిందన్న ఆరోపణపై ఫలానా నెలలో దర్యాప్తు మొదలైంది, ఈ తేదీ నాటికి ముగియలేదు' అనే రాయాలి. కంపెనీ ఏం జవాబిచ్చిందో కూడా రాయండి. ఏమీ దొరకనప్పుడు 'ఏ సమస్యా లేదు' అనకండి. 'ఈ మాటలతో, ఈ భాషల్లో, ఈ తేదీన వెతికితే ఏమీ దొరకలేదు' అనండి. ఈ రెండు వాక్యాల మధ్య తేడా తెలిసిన ఇంటర్న్‌ను ఎవరూ వదులుకోరు.

నిర్ణయం మాత్రం మీది కాదు. మీరు సిఫారసు చేయొచ్చు, తీర్పు చెప్పేది సంస్థలో అందుకోసం ఉన్నవాళ్లు. పనిలో ఉండగా కంపెనీ మనిషి ఎవరైనా కలిసి 'మా ఫైలు ఎక్కడుంది' అంటే నవ్వి ఊరుకోండి, ఆ రోజే మీ పై అధికారికి చెప్పండి.

6. ఒక పేజీ బ్రీఫ్

పై అధికారి కంపెనీ వాళ్లను కలవడానికి వెళ్తూ దారిలో చదివే కాగితం ఇది. ఒక పేజీ దాటితే చదవరు. వరస ఇలా ఉంటే బాగుంటుంది: ఏం అడగాలి (రెండు వాక్యాలు), ఈ కంపెనీయే ఎందుకు (మూడు), ఇదివరకు ఏం ఇచ్చింది (రెండు), ఎవరిని కలుస్తున్నాం (ఒక్కొక్కరికి ఒక వాక్యం), అభ్యంతరాలు (ఉన్నన్ని), వాళ్లు అడగబోయే రెండు కష్టమైన ప్రశ్నలు, వాటికి జవాబులు. కంపెనీ ఎప్పుడు పుట్టిందో, వ్యవస్థాపకుడి జీవితం ఏమిటో మొదటి పేరాలో నింపడం కొత్తవాళ్ల అలవాటు. అవతలి వాళ్లకు తమ చరిత్ర తెలుసు.

పనికిరాని వాక్యం: 'ఈ కంపెనీకి పిల్లల సంక్షేమం పట్ల ఎంతో నిబద్ధత ఉంది.'

పనికొచ్చే వాక్యం: 'గత మూడు వార్షిక నివేదికల్లోనూ విరాళాల పేజీలో బడులకు నీటి సరఫరా ఉంది, ఆ ఒప్పందం వచ్చే మార్చితో ముగుస్తుంది, కొత్తదాని గురించి ఏ ప్రకటనా కనిపించలేదు.'

7. ప్రతిపాదనలో అంకెలు

ప్రతిపాదన మొత్తం మీ చేత రాయించకపోయినా అంకెల పట్టిక మీ దగ్గరికి వస్తుంది. రెండు చోట్ల కాలు జారుతుంది.

ఒకటి, పిల్లల లెక్క. 40 బడులు, బడికి 120 మంది అంటే 4,800 మంది పిల్లలు. ఒక్కొక్కరికి రెండు శిక్షణలు ఇచ్చినా 4,800 మందే, 9,600 కాదు. 9,600 అనేది హాజరు. నేరుగా లబ్ధి పొందినవాళ్లు, పరోక్షంగా పొందినవాళ్లు అన్న తేడా కూడా పట్టికలోనే చూపించండి.

రెండు, నిర్వహణ ఖర్చు (సంస్థను నడపడానికయ్యే ఖర్చు) శాతం. రేటు ఎంతో ఫైనాన్స్ వాళ్లను అడగండి, లెక్క కట్టే పద్ధతి కూడా అడగండి. ప్రత్యక్ష ఖర్చు 1,00,000, రేటు 8 శాతం అనుకుందాం. ఖర్చు మీద వేస్తే 8,000, మొత్తం 1,08,000. అదే 1,08,000 నుంచి వెనక్కి 8 శాతం తీస్తే 8,640 వస్తుంది, కార్యక్రమానికి 640 తగ్గుతుంది. చిన్న తేడాలా ఉంటుంది గానీ, ఒప్పందం మీద సంతకాలయ్యాక బయటపడితే సర్దడానికి వారాలు పడుతుంది.

'ఇంత ఇస్తే ఒక బిడ్డ ప్రాణం నిలుస్తుంది' లాంటి వాక్యాన్ని కార్యక్రమాల విభాగం రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప ఎక్కడా పెట్టకండి.

8. మీటింగులు, ఉత్తరాలు

నోట్సు 24 గంటల్లోపు పంపాలి. ఎవరేమన్నారో అంతా అక్కర్లేదు. ఏం తేలింది, ఎవరు ఏం చేయాలి, ఎప్పటికి, అంతే. కంపెనీ వాళ్లు చూసే నోట్సు, మన వాళ్లు మాత్రమే చూసే నోట్సు రెండు వేర్వేరు ఫైళ్లుగా ఉంచండి. ఒకే ఫైలులో రాసి తర్వాత కొంత చెరిపేసి పంపుదామనుకుంటే, పాత మార్పుల చరిత్రతో సహా అవతలికి వెళ్లే ప్రమాదం ఉంది.

మీరు ఎప్పటికీ మాట ఇవ్వకూడనివి: లోగో, ఆ రంగంలో ఇంకో కంపెనీని తీసుకోబోమన్న హామీ, పిల్లల దగ్గరికి తీసుకెళ్లడం, ప్రముఖుల రాక, తేదీలు. 'కనుక్కుని చెబుతాం' అన్నది పూర్తి వాక్యమే, దానికి సిగ్గుపడక్కర్లేదు.

సొంత ఈమెయిల్ నుంచి ఏదీ పంపకండి. దాతల జాబితాలను, రహస్య ఒప్పందాలను బయటి ఏఐ సాధనాల్లో అతికించి సారాంశం అడగకండి. పది కంపెనీలకు ఒకే ఉత్తరం పంపాల్సి వస్తే పది ఉత్తరాలుగానే పంపండి. ఒక కంపెనీ పేరున్న ఉత్తరం ఇంకో కంపెనీకి వెళ్లడం ఈ రంగంలో పాత ప్రమాదం, పేరును కాపీ చేయడం మాని ప్రతిసారీ టైపు చేయడమే దానికి విరుగుడు.

9. పిల్లల ఫొటోలు, లోగో

కంపెనీలు తరచు అడిగేవి ఈ రెండే. బాలల హక్కుల ఒడంబడిక (1989) లెక్కలో 18 ఏళ్లలోపు అందరూ పిల్లలే, 17 ఏళ్ల అమ్మాయి ఫొటోకూ అవే నియమాలు. సంస్థ ఫొటో భాండారంలో ఉన్నవే వాడండి. అందులోనూ సమ్మతి పత్రం దేనికి ఇచ్చారో చూడండి. సంస్థ నివేదికకు ఇచ్చిన సమ్మతి కంపెనీ ప్రకటనకు చెల్లదు. పేరు మార్చినా ఊరి పేరు, బడి బోర్డు, యూనిఫాం మీది గుర్తు కనిపిస్తే మార్చి లాభం లేదు. ఫొటో ఫైలులో దాగి ఉండే లొకేషన్ సమాచారం కూడా తీసేసి పంపాలి.

లోగో పక్కన 'మేము ఏ కంపెనీనీ, బ్రాండ్‌నూ, ఉత్పత్తినీ సిఫారసు చేయడం లేదు' అన్న వాక్యం యూనిసెఫ్ లాంటి సంస్థలు తప్పనిసరిగా పెట్టిస్తాయి. డిజైనర్లు దాన్ని అడ్డంగా ఉందని తీసేస్తూ ఉంటారు. ప్రతి నమూనాలో అది ఉందో లేదో ముందు చూడండి, రంగుల సంగతి తర్వాత.

10. నివేదిక, సరిచూడటం

కంపెనీ హామీ ఇచ్చిన డబ్బు, ఒప్పందం మీద సంతకమైన డబ్బు, బ్యాంకులో పడిన డబ్బు. ఈ మూడింటికీ మూడు నిలువు వరసలు ఉండాలి. ఒక్క 'మొత్తం' వరసలో వేస్తే లేని డబ్బు ఉన్నట్టు కనిపిస్తుంది. కరెన్సీ మార్చినప్పుడు ఏ తేదీ రేటో పక్కనే రాయండి.

ఏ కాగితమైనా చేయి దాటే ముందు ఇలా పరీక్షించండి:

- ప్రతి అంకె మీద వేలు పెట్టి, ఆధారం తెరిచి చూడండి. తెరుచుకోని లింకు ఆధారం కాదు, పేజీ ప్రతి దాచుకోండి.
- వంద వరసల పట్టికలో ఎటుపడితే అటు పది ఎంచి మొదటి నుంచి వెతకండి. రెండు తప్పులు దొరికితే మొత్తం మళ్లీ చూడాల్సిందే.
- బ్రీఫ్, ప్రతిపాదన, నివేదిక మూడింట్లో ఒకే అంకె ఒకేలా ఉందా?
- ఈ కంపెనీ గురించి ఏమీ తెలియని సహోద్యోగికి ఇచ్చి రెండు నిమిషాల తర్వాత కాగితం తీసేసుకోండి. 'ఏం అడుగుతున్నాం?' అంటే చెప్పలేకపోతే మొదటి పేరా మార్చాలి.

11. చివరి రెండు వారాలు

కొత్త పని ఒప్పుకోవడం ఆపండి. ఫైళ్ల పేర్లు ఒకే తీరున మార్చండి: కంపెనీ, పత్రం రకం, సంవత్సరం-నెల-రోజు. 'ఫైనల్', 'ఫైనల్ కొత్తది', 'అసలు ఫైనల్' అన్న మూడు ఫైళ్లలో రెండింటిని పాత ఫోల్డర్‌లోకి తోసేయండి. అప్పగింత పత్రం రెండు పేజీలు చాలు: సగంలో ఉన్నవి, ఒక్కోదానికి తర్వాతి అడుగు, ఎవరి జవాబు కోసం ఎదురుచూస్తున్నాం, జాబితాలో ఏ వరసలు పాతబడ్డాయి.

సీవీలో ఏం రాసుకోవచ్చో రాతపూర్వకంగా అడగండి. కంపెనీల పేర్లు, మొత్తాలు సాధారణంగా కుదరవు. 'ఇన్ని కంపెనీలపై పరిశోధన, ఇన్ని బ్రీఫులు' అనడం కుదురుతుంది. రాత నమూనా కావాలంటే పేర్లు, అంకెలు తీసేసిన ప్రతికి అనుమతి తీసుకోండి. దాతల జాబితాను పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్లడం దొంగతనమే. మీరు పరిశోధించిన కంపెనీ మీకు ఉద్యోగం ఇస్తానంటే, జవాబు చెప్పకముందే పై అధికారికి చెప్పి ఆ ఫైలు నుంచి తప్పుకోండి.

ఆఖరి రోజు ఉమ్మడి ఫోల్డర్లు, ఈమెయిల్, డేటాబేస్‌కు మీ ప్రవేశం తీసేశారో లేదో మీరే అడిగి చూసుకోండి. సొంత ఫోన్‌లో దిగిన ఆఫీసు ఫైళ్లుంటే అప్పుడే తుడిచేయండి.